శాలువా కప్పేది ఎవరి భుజాన?

పంద్రాగస్టుకి, రిపబ్లిక్ డేకి పరేడ్ గ్రౌండ్‌లో ఇచ్చే ప్రశంసా పత్రాల సంగతి తెలిసిందే. పేర్లు పంపేది శాఖాధికారులు. ఫైలు పట్టుకుని రోజూ ఎదురుగా నిలబడేవాళ్లే వాళ్ల కంట పడతారు. జనానికి మేలు చేసిన చేతులు ఆ గదుల దాకా రావు.

తిరుమల కల్యాణకట్టలో ఓ గంట నిలబడి చూడండి. తల్లి ఒడిలో ఏడాది బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటాడు. క్షురకుడు ఎడమ చేత్తో గడ్డం కదలకుండా పట్టి, చెవి మడిచి, మాడు దగ్గర చెయ్యి తేలిక చేసి, గాటు పడకుండా గుండు చేసి పంపుతాడు. వెంటనే ఇంకో తల. అర్ధరాత్రయినా అంతే. ఆ తలనీలాలు ఈ-వేలంలో కోట్లు పలుకుతాయి. తీసిన వాళ్లలో కొందరికి మాత్రం పీస్ రేటు, గుండుకింత అని. ఇంతటి పనితనాన్ని మనం పనితనంగానే చూడటం లేదు!

భక్తులు స్వచ్ఛందంగా వచ్చి చేసే శ్రీవారి సేవ 2000లో మొదలైంది. వారం రోజులు ఉండి వెళ్లే ఆ సేవకులను అందరం మెచ్చుకుంటాం, మెచ్చుకోవాలి. మరి ఏళ్ల తరబడి ఘాట్ రోడ్డు మలుపుల్లో నిండు బస్సును భద్రంగా దించే డ్రైవరుది, తిరుపతి రుయా ఆసుపత్రిలో రోగి పక్క మార్చే ఆయమ్మది సేవ కాదా?

జీతం తీసుకుంటున్నారు కదా, కొందరు చెయ్యి కూడా చాస్తారు అంటారు. చాచేవాళ్లున్నారు, కాదనను. వాళ్లను చూపించి, చాచనివాళ్ల మంచితనాన్ని లెక్కలోంచి కొట్టేయడం అన్యాయం. జీతం తీసుకునే అధికారికి శాలువా కప్పినప్పుడు ఈ ప్రశ్న ఎవరూ అడగరే!

అసలు రోగం ఔట్‌సోర్సింగ్. తాత్కాలిక ఉద్యోగులకూ సమాన పనికి సమాన వేతనం ఇవ్వాలని 2016లో జగ్జీత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా మధ్యలో ఏజెన్సీని పెట్టి, వీళ్లు మా మనుషులు కాదనడం యాజమాన్యాలకు అలవాటైంది. కాంట్రాక్టు మారితే పదేళ్ల మంచి పేరూ గాలికి పోతుంది. మా మనిషి కాదన్నవాడి పేరు ప్రశంసల జాబితాలో ఎవరు రాస్తారు?

కాబట్టి పేర్లు చెప్పే హక్కు భక్తులకు, రోగులకు, ప్రయాణికులకు ఇవ్వాలి. అలా వచ్చిన మెప్పును సర్వీసు రికార్డులో ఎక్కించాలి. ఏజెన్సీ మారినా ఆ రికార్డు చెల్లాలి, ఇంక్రిమెంటుకూ పర్మినెంటుకూ దాన్నే లెక్కలోకి తీసుకోవాలి.