ఆగి ఉన్న బండికే చాకిరీ ఎక్కువ

మోటర్‌హోమ్, అంటే లోపలే ఇల్లున్న బండి, తిరిగితే పాడవుతుందనుకుంటారు అందరూ. కాదండీ, ఊరికే నిలబెడితేనే ఎక్కువ పాడవుతుంది. ట్రిప్ అయిపోయి, తాళం వేసి, కవర్ కప్పి వదిలేశామా, లోపల దాని పని అది మొదలుపెడుతుంది.

బ్యాటరీ సంగతే చూడండి. నిండుగా ఉన్న లెడ్ యాసిడ్ బ్యాటరీ 12.6 వోల్టులకు పైనే చూపించాలి. అన్ని స్విచ్చులూ కట్టేసినా గ్యాస్ అలారమో, రేడియో మెమరీయో చాటుగా కరెంటు లాగుతూనే ఉంటాయి. 12 కిందికి జారి అలాగే ఉండిపోతే పలకల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది. ఇక ఎంత ఛార్జ్ చేసినా పాత సత్తువ రాదు. టైర్లయితే మరీ విడ్డూరం. గాడులు అరగనే అరగవు, పక్కన మాత్రం సన్నటి పగుళ్లు. అక్కడ 2318 అని ఉంటే 2018లో 23వ వారం తయారీ అని. తిరగకుండానే ముసలిదైపోయింది!

అన్నిటికన్నా ఒళ్లు మండేది పైకప్పు లీకు. నీళ్లు స్కైలైట్ (పైకప్పు కిటికీ) దగ్గర దూరి, గోడ లోపలే పాకి, ఎక్కడో అల్మరా మూలన తేలతాయి. వేలితో నొక్కితే ప్లైవుడ్ తడిసిన అట్టలా లోపలికి పోతుంది. పోనీ సందులు మూసే సీలెంట్ పూద్దామంటే, అంతకుముందే ఎవరో మహానుభావుడు సిలికాన్ పూసి పెట్టాడు. దాని మీద ఇంకేదీ సరిగ్గా అంటుకోదు. కూర్చుని గోకాల్సిందే.

ఇంత చేశాక కూడా "బ్యాటరీ కోసం పైన సోలార్ ప్యానెల్ పెట్టించుకోకూడదా?" అని ఒక ఉచిత సలహా. అంటే పైకప్పుకు ఇంకో నాలుగు చిల్లులన్నమాట!