ఏం కావాలో ముందు తేల్చండి

2019 ఫిబ్రవరి 27న కశ్మీర్‌లోని బుడ్గాంలో మన ఎంఐ-17 హెలికాప్టర్‌ను మన క్షిపణే కూల్చేసింది. పైన ఆరుగురు వాయుసేన సిబ్బంది, కింద ఒక పౌరుడు పోయారు. మనదా, పరాయిదా అని చెప్పే పరికరం హెలికాప్టర్‌లో ఆపేసి ఉందని, నేల మీదివాళ్లకూ సిబ్బందికీ మధ్య మాట తెగిందని విచారణలో తేలింది. అది ఒక్క దళం లోపలి సంగతి. మరి మూడు దళాలు కలిసి పోరాడాల్సిన రోజున?

త్రివిధ దళాధిపతి (సీడీఎస్) పదవి 2020 జనవరి 1న మొదలైంది. ఒక ప్రాంతంలోని మూడు దళాలనూ ఒకే అధికారి కింద నడిపే థియేటర్ కమాండ్ల మాట అప్పటి నుంచీ వింటూనే ఉన్నాం. కానీ సమాచారం చేరవేసి, ఆదేశాలిచ్చి పోరును నడిపించే కమాండ్, కంట్రోల్ కంప్యూటర్ వ్యవస్థలకు ఏం కావాలో చాలావరకు ఏ దళానికా దళమే రాసుకుంటోంది. తర్వాత అతుకులు వేస్తారు. మా గొడవంతా ఆ అతుకులతోనే.

'వేగంగా ఉండాలి', 'అత్యాధునికంగా ఉండాలి' అని రాస్తే అది అవసరం కాదు, కోరిక. ఏ సమాచారం, ఎవరికి, ఎన్ని సెకన్లలో చేరాలి? లింకు తెగితే నిర్ణయం ఎవరిది? నేవీ తెరపై చుక్కకు ఉన్న అర్థమే ఆర్మీ తెరపైనా ఉంటుందా? పరీక్ష పెట్టి చూడగలిగేలా రాయాలి. మన సైనిక అవసరాల పత్రాలు కామిక్ పుస్తకాల్లోంచి తీసినట్టున్నాయని రక్షణ మంత్రిగా ఉన్నప్పుడు మనోహర్ పారికరే వెక్కిరించారు. పోరాడే జవాన్లను, అధికారులను ఒకే నెట్‌వర్క్‌లో కలిపే యుద్ధరంగ నిర్వహణ వ్యవస్థ ప్రాజెక్టును ఏళ్ల తరబడి నడిపి, ఖర్చు ఎక్కువైందంటూ ఆర్మీయే పక్కన పడేసింది.

ఆర్మీ గగనతల రక్షణను నడిపే కంప్యూటర్ వ్యవస్థ 'ఆకాశ్‌తీర్' పనిచేసింది కదా అంటారు. నిజమే. 2023లో రూ.1,982 కోట్లకు ప్రభుత్వ రంగ సంస్థ బీఈఎల్‌తో ఒప్పందం కుదిరిన ఆ వ్యవస్థ, పాకిస్థాన్‌తో 2025 మే పోరులో వాయుసేన నెట్‌వర్క్‌తో కలిసి నడిచింది. సంతోషం. కలపడం చేతనవుతుందని రుజువైంది కాబట్టే అడుగుతున్నాం: మొదటి పేజీలోనే కలిపి ఎందుకు రాయరు?

విజయనగరం సిరిమానోత్సవంలో పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగు, బెస్తవారి వల ఎక్కడ నడవాలో ఎవరూ ఆ రోజు పొద్దున కూర్చుని తేల్చుకోరు. ఊరి పండగకు ఉన్న ముందుచూపు వేల కోట్ల టెండర్‌కు ఉండదా?

కోరుకొండ సైనిక పాఠశాల మా విజయనగరం జిల్లాలోనే ఉంది. శ్రీకాకుళం పల్లెల కుర్రాళ్లు సరిహద్దుల్లో కాపలా కాస్తున్నారు. పక్కనే విశాఖలో తూర్పు నౌకాదళ కేంద్రం. దీన్ని ఢిల్లీ ఫైళ్ల గొడవ అని వదిలేయడం మావల్ల కాదు. రహస్యాలు బయట పెట్టమనడం లేదు. అవసరాల కాగితం ఒక్కటే ఉండాలి, దానిపై మూడు దళాల సంతకాలూ ఉండాలి. ఆ సంతకాలు లేని కొనుగోలు ఫైలును రక్షణ శాఖ వెనక్కి పంపాలి. అది కూడా చేతకాకపోతే బుడ్గాం మృతుల కుటుంబాలకు ఏం సమాధానం చెబుతారో మంత్రిగారే చెప్పాలి.