వర్షిప్ అంటే పూజ ఒక్కటే కాదండీ

ఇంగ్లీషు చెప్పే మాస్టార్లకి, ఇంట్లో పిల్లల్ని కూర్చోబెట్టి చదివించే అమ్మానాన్నలకి ఒక మనవి. "వర్షిప్ అంటే పూజించుట" అని ఒక్క ముక్కలో తేల్చేయకండి. అదొక్కటే బట్టీపట్టిన పిల్లాడు, ఇంగ్లండులో మేజిస్ట్రేటుని "యువర్ వర్షిప్" అంటారని చదివితే బిత్తరపోతాడు.

మాట పుట్టుక చెప్పండి, చాలు. ఇందులో మొదటి సగం వర్త్, అంటే విలువ. రెండో సగం ఫ్రెండ్‌షిప్‌, స్కాలర్‌షిప్‌ల చివర ఉండే ప్రత్యయమే. దానికి ఓడతో చుట్టరికం లేదు. రెండూ కలిస్తే విలువ కలిగి ఉండడం, గౌరవం. ముందు పుట్టింది నామవాచకం, క్రియ ఆ తర్వాతే వచ్చింది. సాటి మనిషికి కూడా వాడిన మర్యాద మాట ఇది. 1549 నాటి ఆంగ్లికన్ ప్రార్థన పుస్తకంలో పెళ్ళికొడుకు పెళ్ళికూతురికి చేసే ప్రమాణంలో ఉన్నది ఈ క్రియే. అక్కడ "పూజిస్తున్నాను" అని తెలుగు చేస్తే అర్థం చెడుతుంది, "గౌరవిస్తున్నాను" అనాలి.

మన వైపు కాటన్ దొరనే తీసుకోండి. 1847లో మొదలైన ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయింది. ఆ నీళ్ళు తాగిన ఊళ్ళు ఆయనకి విగ్రహాలు పెట్టి దండలు వేస్తున్నాయి. పాత అర్థంలో అది అచ్చంగా వర్షిప్పే. ఇప్పటి ఇంగ్లీషులో అలా రాస్తే మాత్రం చదివేవాళ్ళు కొబ్బరికాయ, హారతి ఊహించుకుంటారు. దండ వరకే అయితే "ఆనర్" అని రాయించండి.

తెలుగులో దీనికి దగ్గరి మాట నా దృష్టిలో పూజించు కాదు, కొలుచు. కుంచంతో ధాన్యం కొలుస్తాం, అంతర్వేది నరసింహస్వామినీ కొలుస్తాం. విలువ, కొలత, భక్తి ఒకే మాటలో వినపడతాయి. ఇంత మంచి మాటని పాఠాల్లోంచి ఎందుకు వదిలేశామో! పూజ అంటే పసుపు, పత్రి, దీపం, చేత్తో చేసే పని. చర్చిలో జరిగేది ఆరాధన, మసీదులో నమాజు. ఇంగ్లీషులో అన్నిటికీ వర్షిప్ సరిపోతుంది గానీ తెలుగులో పూజ ఒక్కటే సరిపోదు. అందుకే 1991 నాటి "ప్లేసెస్ ఆఫ్ వర్షిప్" చట్టాన్ని మన పత్రికలు "ప్రార్థనా స్థలాల చట్టం" అంటాయి, "పూజా స్థలాలు" అనవు.

మొక్కు వేరు. వాడపల్లి వెంకన్నకి ఏడు శనివారాలు తిరుగుతామని అనుకోవడం ఇంగ్లీషులో "వౌ". అంకితం చేయడం అనే అర్థమున్న డివోట్ క్రియకి మూలమైన లాటిన్ మాటలో ఉన్నదీ ఆ మొక్కే.

ఇక తప్పులు. అన్నిటికంటే ఎక్కువ కనపడేది "వర్షిప్ టు గాడ్". "దేవుడికి పూజ" అనే మన వాక్యంలోని "కి" అలా దూరిపోతుంది. వర్షిప్ తర్వాత "టు" రాదు, నేరుగా "వర్షిప్ గాడ్" అనాలి. ప్రే అయితేనే "టు" కావాలి. భూతకాలంలో బ్రిటిష్ పద్ధతిలో రెండు "పి"లు, అమెరికాలో ఒకటి. మన బడుల్లో రెండే రాయించండి. పలికేటప్పుడు వర్క్‌లో ఉన్న అచ్చే ఇక్కడా పలకాలి. "వార్‌షిప్" అని సాగదీస్తే అది యుద్ధనౌక. డివోట్ విషయంలో "టు" తప్పనిసరి, ఆ వెనక క్రియ వస్తే దానికి "ఇంగ్" తగిలించాలి: "డివోటెడ్ హర్ లైఫ్ టు టీచింగ్". అక్కడ "టు టీచ్" అని రాస్తే మార్కు పోతుంది.