జన్యు నివేదికను మళ్లీ చదివేవారు విశాఖలో ఉండాలి

విశాఖపట్నంలో పిల్లల వైద్యుడు జన్యువులను చదివే ఎగ్జోమ్ పరీక్ష రాస్తే బిడ్డ రక్త నమూనా చాలాసార్లు హైదరాబాద్‌కో బెంగళూరుకో వెళుతుంది, కొన్ని వారాలకు నాలుగైదు పేజీల నివేదిక తిరిగొస్తుంది. అందులో తరచుగా కనిపించేది ‘వీయూఎస్’ అన్న వర్గీకరణ. అంటే జన్యువులో ఒక మార్పు దొరికింది గాని, జబ్బుకు అదే కారణమని చెప్పడానికీ, కాదని తోసిపుచ్చడానికీ ఆధారాలు చాలలేదని అర్థం. తల్లిదండ్రులు ఆ కాగితాన్ని ఫైల్లో పెట్టుకుంటారు. ఆ తర్వాత ఆ బిడ్డ జన్యు సమాచారం వంక చూసే నాథుడే ఉండడు. అరుదైన జన్యువ్యాధులపై బయోఇన్ఫర్మాటిక్స్ (కంప్యూటర్‌తో జన్యు సమాచార విశ్లేషణ) పరిశోధన చేస్తున్న నేను గట్టిగా నమ్మేది ఒకటే: ఉత్తరాంధ్రకు జన్యువులను చదివే కొత్త సీక్వెన్సింగ్ యంత్రం కంటే ముందు, ఇక్కడి కుటుంబాల సంగతి తెలిసి, వైద్యుడి పక్కనే ఉండి, ఆ సమాచారాన్ని పదేపదే చదివే ఉద్యోగి కావాలి.

మనిషి జన్యుపటంలో 300 కోట్లకు పైగా డీఎన్‌ఏ అక్షరాలున్నాయి. ప్రోటీన్ల తయారీకి సూచనలిచ్చే భాగం, అంటే ఎగ్జోమ్, అందులో రెండు శాతానికి మించదు. ఆ కాస్త భాగాన్ని చదివినా ప్రామాణిక జన్యుపటంతో పోల్చినప్పుడు ఒక్కొక్కరిలో ఇరవై వేల దాకా తేడాలు బయటపడతాయి, వాటిలో దాదాపు అన్నీ నిరపాయకరమైనవే. జనంలో తరచుగా కనిపించేవాటిని తీసేసి, ప్రోటీన్‌ను మార్చనివాటిని పక్కనపెట్టి, బిడ్డ లక్షణాలతో పొంతన ఉన్న జన్యువులను ముందుకు తెచ్చి, పది ఇరవై వరుసలు మిగిలేదాకా వడపోయడమే మా పని. కంప్యూటర్ చేసే భాగం ఒక రాత్రిలో అయిపోతుంది. మిగిలిన ఆ కొద్ది వరుసల దగ్గరే రోజులు పడతాయి.

ఆ వరుసల్లో ఒకటి తీసుకుందాం. క్రోమోజోము సంఖ్య, స్థానం, ‘సి’ ఉండాల్సిన చోట ‘టి’, తల్లి నుంచి, తండ్రి నుంచి వచ్చిన రెండు ప్రతుల్లోనూ అదే మార్పు, అంతర్జాతీయ డేటాబేస్‌లో ఆ మార్పు ఉన్నవాళ్లు సున్నా. ముందుగా ఆ స్థానంలో యంత్రం చదివిన డీఎన్‌ఏ తునకలను తెరమీద ఒకదాని కింద ఒకటి పేర్చి చూస్తాం. నలభై తునకలుంటే నలభైలోనూ ‘టి’ ఉందా, లేక తునకల చివర్లలో మాత్రమే కనిపిస్తూ యంత్రం చేసిన పొరపాటా అన్నది కంటికే తెలిసిపోతుంది. నిజమైన మార్పేనని తేలాక అసలు చిక్కు మొదలవుతుంది: ఆ సున్నాను ఎంతవరకు నమ్మాలి?

ఆ డేటాబేస్ పేరు నోమ్యాడ్; 2023లో విడుదలైన దాని నాలుగో సంచికలో ఎనిమిది లక్షల మందికి పైగా సమాచారం ఉంది. వారిలో అత్యధికులు ఐరోపా మూలాలవారు. దక్షిణాసియా వాళ్లు పదోవంతు కూడా లేరు, ఉన్నవాళ్లను కూడా ఒకే గంపలో లెక్కవేస్తారు. కులం లోపలే పెళ్లిళ్లు జరిగే సమాజానికి ఆ సగటు సరిపోదు. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్త కుమారస్వామి తంగరాజ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ తదితరులు 2017లో ప్రచురించిన అధ్యయనంలో పరిశీలించిన 263 దక్షిణాసియా సమూహాల్లో 81, ఫిన్లాండ్ ప్రజలకన్నా, అష్కెనాజీ యూదులకన్నా కూడా పరిమితమైన పూర్వీకుల నుంచి విస్తరించినవని తేలింది. వైశ్యుల్లో బ్యుటైరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ లోపం ఇతరులకన్నా ఎంతో ఎక్కువగా కనిపించడానికి కారణమూ అదే. ఈ లోపమున్న వ్యక్తికి మత్తుమందుతోపాటు సక్సినైల్‌కోలిన్ అనే కండరాలను సడలించే మందు ఇస్తే, నిమిషాల్లో తిరిగి పనిచేయాల్సిన కండరాలు గంటల తరబడి చచ్చుబడి ఉంటాయి. ముందే తెలిస్తే మత్తువైద్యుడు వేరే మందు వాడతాడు, అంతటితో ప్రమాదం తప్పుతుంది.

పోలిక సమాచారం లేకపోతే పొరపాటు అటూ జరుగుతుంది, ఇటూ జరుగుతుంది. గుండె కండరం మందమయ్యే వ్యాధికి కారణమని ముద్రపడిన కొన్ని మార్పులు నల్లజాతి అమెరికన్లలో సర్వసాధారణమైన నిరపాయకర తేడాలేనని 2016లో తేలింది. తొలి అధ్యయనాల్లో కొద్దిమంది నల్లజాతివారిని చేర్చినా ఆ పొరపాటు జరిగేది కాదు. జీనోమ్ ఇండియా ప్రాజెక్టు 83 సమూహాలకు చెందిన దాదాపు పదివేల మంది సమాచారాన్ని సేకరించి 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి తేవడం నిజంగా గొప్ప ముందడుగు. అయితే సగటున సమూహానికి 120 మందే. వందమందిలో ఒకరిలో ఉండే మార్పు అంత చిన్న లెక్కకు చిక్కవచ్చు, చిక్కకపోనూ వచ్చు. అరకు, పాడేరు కొండల్లోని ఒక్కో తెగకు వచ్చేసరికి ఈ కొరత మరింత తీవ్రం.

మేనరికాలపై ఆంధ్రలో శాస్త్రీయ పరిశీలన కొత్తేమీ కాదు, ప్రసిద్ధ జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ శిష్యుడు, పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు 1960ల తొలినాళ్లలోనే దీనిపై పత్రాలు ప్రచురించారు. మేనమామను చేసుకున్న తల్లికి పుట్టిన బిడ్డ జన్యుపటంలో సగటున ఎనిమిదో వంతు, అంటే 40 కోట్ల అక్షరాల మేర, రెండు ప్రతులూ ఒకే పూర్వీకుల నుంచి వచ్చినవై ఉంటాయి. వెతకాల్సిన చోటు తగ్గడం మాకు మేలే. కాని ఆ ప్రాంతాల్లో అమాయకమైన అరుదైన మార్పులూ జంటగానే దొరుకుతాయి, కనుక వాటిని తోసిపుచ్చడానికి ఆరోగ్యంగా ఉన్న అన్నదో అక్కదో నమూనా చూడాలి. ఆ కుటుంబాన్ని కూర్చోబెట్టి మూడు తరాల వంశవృక్షం గీయకుండా ఎవరి నమూనా అడగాలో తెలియదు.

లక్షణాల విషయమూ అంతే. పరీక్ష పత్రం మీద ‘ఎదుగుదల లోపం’ అని ఒక్క ముక్క ఉంటుంది. తల్లిని అడిగితే, ఏడాదిన్నరకు అమ్మా, తాతా అనేవాడనీ, తర్వాత ఆ మాటలు పోయాయనీ చెబుతుంది. అసలు రాని మాటకూ, వచ్చి పోయిన మాటకూ వెతకాల్సిన జన్యువుల జాబితాలే వేరు. దూరాన ల్యాబ్‌లో కూర్చున్న విశ్లేషకుడికి పత్రంలో ఉన్నదే తెలుస్తుంది; ఆ తల్లి మాట చేరదు.

పాత సమాచారాన్ని మళ్లీ చదివితే ఏం దొరుకుతుందో 2024లో ప్రపంచమంతా చూసింది. బ్రిటన్ లక్ష జన్యుపటాల ప్రాజెక్టులో ఏనాడో భద్రపరచిన సమాచారాన్ని వెతికిన శాస్త్రవేత్తలు, కేవలం 141 అక్షరాల ఆర్‌ఎన్‌యూ4-2 అనే జన్యువులోని మార్పులు ఎందరో పిల్లల్లో ఎదుగుదల సమస్యలకు కారణమని గుర్తించారు. కొత్తగా రక్తం తీయకుండానే ఆ కుటుంబాలకు జవాబు దొరికింది. అది ప్రోటీన్‌ను తయారుచేసే జన్యువు కాదు కనుక మామూలు ఎగ్జోమ్ పరీక్ష దానిని చదవదు. ఇలాంటి కేసుల్లో పూర్తి జన్యుపటం ఎవరికి తీయించాలో చెప్పడానికైనా పాత ఫైళ్లు తిరగేసే మనిషి ఉండాలి.

జవాబు ఆలస్యమైతే నష్టపోయేది కుటుంబమే. రెండు ప్రతుల్లో మార్పుతో వచ్చే జబ్బయితే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదం ఉంటుంది, గర్భస్థ పరీక్ష చేయాలంటే కారణమైన మార్పు ఏదో ముందే తేలి ఉండాలి. 2021 నాటి జాతీయ అరుదైన వ్యాధుల విధానం, ఆ తర్వాతి సవరణ ప్రకారం 50 లక్షల రూపాయల వరకు దొరికే సాయం కూడా గుర్తింపు పొందిన కేంద్రాల ద్వారానే అందుతుంది; నిర్ధారణే లేని బిడ్డకు ఆ తలుపు తెరుచుకోదు.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మానవ జన్యుశాస్త్ర విభాగం ఉంది. ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి, ఒడిశా సరిహద్దు నుంచి రోగులు వచ్చే ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆస్పత్రి) దానికి కొద్ది కిలోమీటర్ల దూరంలోనే ఉంది. ఈ రెంటి మధ్య ఇద్దరు విశ్లేషకులకు, ఒక జన్యు సలహాదారుకు శాశ్వత ఉద్యోగాలు, ఒక భద్రమైన సర్వర్ ఏర్పాటు చేయడం ప్రభుత్వానికి పెద్ద భారం కాదు. రెండేళ్ల ప్రాజెక్టు ఉద్యోగాలతో ఇది సాగదు, ఎందుకంటే కేసు తెలిసినవాడు వెళ్లిపోతే కేసూ పోయినట్టే. ఏ కులంలో ఏ మార్పు ఎక్కువన్న వివరం పెళ్లి సంబంధాల బేరసారాల్లోకి పాకకుండా, వైద్యుడి దగ్గరే ఉండేలా కట్టుదిట్టమైన నియమాలు మొదటి రోజు నుంచే ఉండాలి. అంతకన్నా ముందు, ఆస్పత్రులు ఈ వారమే మొదలుపెట్టగల పని ఒకటుంది: నమూనా పంపేటప్పుడే, నివేదికతోపాటు ముడి ఫైళ్లు, అంటే యంత్రం చదివిన అసలు సమాచారం కూడా కుటుంబానికి ఇవ్వాలని ల్యాబ్‌తో రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోవడం.