సవరణ: డేటాస్టేజ్ జాబ్‌లను ప్రొడక్షన్‌కి పంపడం గురించి

డేటాస్టేజ్ అంటే ఒకచోటి డేటాను తీసి, మార్చి, ఇంకోచోట చేర్చే ఐబీఎం సాఫ్ట్‌వేర్; అందులో మనం తయారుచేసే ఒక్కో పనే జాబ్. వాటిని డెవలప్‌మెంట్ సర్వర్ నుంచి ప్రొడక్షన్‌కి, అంటే అసలు పని నడిచే సర్వర్‌కి, పంపడం గురించి పోయిన వారం పోస్టులో ఒక తప్పు రాశాను. జాబ్ డిజైన్లు మాత్రమే ఎక్స్‌పోర్ట్ చేసి, ప్రొడక్షన్‌లో ఇంపోర్ట్ అయ్యాక అక్కడే కంపైల్ చేసుకుంటే (నడిచే రూపంలోకి మార్చుకుంటే) చాలన్నాను. చాలదు.

గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీల స్టాకు లెక్కలు చూసే తమ్ముడొకడు అది చదివి అలాగే చేశాడు. రాత్రి 11 దాటాక ఫోన్: "అన్నా, మిగతావి అయ్యాయి గానీ టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క కట్టే జాబ్ మాత్రం కంపైల్ అవ్వట్లేదు." ఆ జాబ్‌లో ట్రాన్స్‌ఫార్మర్ స్టేజ్ (డేటా మీద లెక్కలు, మార్పులు చేసే భాగం) ఉంది. ప్యారలల్ జాబ్‌లో (డేటాను భాగాలు చేసి ఒకేసారి నడిపే రకం) ట్రాన్స్‌ఫార్మర్ ఉంటే డేటాస్టేజ్ దాన్ని సి ప్లస్ ప్లస్ కోడ్‌గా మార్చి కంపైల్ చేస్తుంది. అందుకు సర్వర్‌లో ఆ కంపైలర్ ఉండాలి. వాళ్ల ప్రొడక్షన్ సర్వర్‌లో లేదు. భద్రత కోసం చాలాచోట్ల పెట్టరు కూడా, అదే సరైన పద్ధతి.

కాబట్టి డెవలప్‌మెంట్‌లోనే కంపైల్ చేయండి. ఐఎస్‌టూల్ అనే కమాండ్‌తో ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు 'ఇంక్లూడ్ ఎగ్జిక్యూటబుల్' ఆప్షన్ ఇస్తే, కంపైలైన రూపం కూడా ఐఎస్ఎక్స్ ఫైల్‌లోకి (ఎక్స్‌పోర్ట్ చేస్తే తయారయ్యే ఫైల్) వస్తుంది. రెండు సర్వర్లలో ఆపరేటింగ్ సిస్టమ్, డేటాస్టేజ్ వెర్షన్ ఒకటే అయి ఉండాలి, ఇది మాత్రం ముందే చూసుకోండి. 'ఇంక్లూడ్ డిపెండెంట్' కూడా ఇవ్వండి. లేకపోతే జాబ్ వెళ్తుంది, దానికి కావాల్సిన పారామీటర్ సెట్ (జాబ్ నడిపేటప్పుడు ఇచ్చే విలువల జాబితా) ఇక్కడే ఉండిపోతుంది.

డేటాబేస్ పేరు, పాస్‌వర్డ్ జాబ్‌లో నేరుగా రాయకుండా పారామీటర్లుగానే ఉంచమని పాత పోస్టులో చెప్పిన మాటలో మార్పేమీ లేదు.

పాత పోస్టులో ఆ పేరా కొట్టేసి ఇది పెట్టాను. విజయవాడలో మా బ్యాచ్ పిల్లలు కొందరు దాన్ని ప్రింట్ తీసి దగ్గర పెట్టుకున్నారట, దయచేసి ఆ కాగితం మీద కూడా దిద్దుకోండి.