యూపీఐని కంపెనీలకు వదిలేయాలట!

ఈ వారం ఒకటే మెసేజ్ నలుగురు పంపారు, మా బంధువుల గ్రూపులో అయితే రెండుసార్లు. "గూగుల్ పే, ఫోన్‌పే వల్లే మనకు డిజిటల్ చెల్లింపులు వచ్చాయి, ఫ్రీగా సేవ చేస్తున్నాయి, ప్రభుత్వం తప్పుకుని అంతా కంపెనీలకు వదిలేయాలి, బటన్ ఫోన్ల వాళ్ళ కోసం ఖర్చు దండగ" అని.

మొదటిదానికి తేదీలు చాలు. యూపీఐ 2016 ఏప్రిల్‌లో వచ్చింది. గూగుల్ తేజ్ పేరుతో (ఇప్పటి గూగుల్ పే) అందులోకి అడుగుపెట్టింది 2017 సెప్టెంబర్‌లో.

ఫ్రీ అంటారా, 2020 జనవరి నుంచి వ్యాపారుల దగ్గర ఛార్జీ తీసుకోకూడదన్నది ప్రభుత్వ నిర్ణయం. అందుకు బదులుగా బ్యాంకులకూ యాప్‌లకూ ప్రోత్సాహకం వెళ్తున్నది బడ్జెట్ నుంచి, అంటే మన జేబులోంచే. మొబైల్ రీఛార్జ్ మీద రూపాయీ రెండు రూపాయలూ వసూలు మొదలుపెట్టింది మాత్రం ఈ యాప్‌లే.

నాకు ఒళ్ళు మండింది "కంపెనీలకు వదిలేయాలి" దగ్గర. వదిలేసిన రోజులు అప్పుడే మర్చిపోయారా? పేటీఎం వాలెట్‌లో డబ్బు మొబిక్విక్ వాలెట్‌కు వెళ్ళేది కాదు. కూరగాయల బండి దగ్గర ఏ వాలెట్ ఉంటే కొనేవాళ్ళ దగ్గరా అదే ఉండాలి. గోడ కడితేనే మనం బయటికి పోమని ఎవరి గోడ వాళ్ళు కట్టుకున్నారు. ఆ గోడలు లేకుండా ఏ బ్యాంకు నుంచి ఏ బ్యాంకుకైనా, ఏ యాప్‌తోనైనా డబ్బు పంపేలా చేసింది యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ (నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్). అది సర్కారీ ఆఫీసు కాదు, 2008లో రిజర్వు బ్యాంకు చొరవతో బ్యాంకులు కలిసి పెట్టుకున్న, లాభాపేక్ష లేని సంస్థ. 2019లో గూగులే అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వుకు యూపీఐని ఉదాహరణగా చూపిస్తూ లేఖ రాసింది, మనవాళ్ళేమో ఇక్కడ దాన్ని ఆ కంపెనీ ఖాతాలో వేస్తున్నారు!

ఒకటి ఒప్పుకుంటాను. ప్రభుత్వం తరఫున వచ్చిన భీమ్ యాప్‌ను జనం పెద్దగా పట్టించుకోలేదు. కొట్టు కొట్టుకూ తిరిగి క్యూఆర్ అంటించింది, డబ్బు పడిందని తెలుగులో చెప్పే స్పీకర్ పెట్టింది కంపెనీల మనుషులే. ఆ కష్టం చిన్నది కాదు.

కానీ బటన్ ఫోన్‌లో పనిచేసే 123పే 2022లో వచ్చింది ఎన్‌పీసీఐ నుంచే. కూలి డబ్బు దాచుకునే అవ్వ ఫోన్‌లో ప్రకటనలు చూపించడానికి చోటు లేదు, అందుకే ఆమె ఖర్చు దండగ అనిపిస్తోంది వీళ్ళకి. సిగ్గుగా లేదా అలా రాయడానికి?

ఇప్పుడు యూపీఐ లావాదేవీల్లో దాదాపు 80 శాతం ఫోన్‌పే, గూగుల్ పే అనే రెండే యాప్‌ల చేతుల్లో ఉన్నాయి. ఒక్కో యాప్‌కు 30 శాతమే పరిమితి అని 2020 నవంబర్‌లో నియమం పెట్టారు, దాని గడువు రెండుసార్లు జరిగి 2026 డిసెంబర్ 31 అయింది. ఇంకోసారి జరపొద్దని అడిగే మెసేజ్ ఒక్కటైనా ఉంటే పంపండి, నేనే అన్ని గ్రూపుల్లో పెడతాను.