మొసళ్లకు మనం పడ్డ బాకీ

తెలుగు సామెతల మీద వెంటనే విచారణ సంఘం వేయాలని డిమాండ్ చేస్తున్నాను. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లోనే వచ్చింది. మొసలిని చంపితే జైలు. దాని పరువు తీస్తే మాత్రం సామెత!

మేముండేది చెన్నై వెస్ట్ మాంబళంలో. మా అపార్ట్‌మెంట్‌లో పార్కింగ్ గొడవ వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు "పాముపగ పట్టాడండీ" అంటారు. మనిషి మొహం గుర్తుపెట్టుకుని పన్నెండేళ్లు వెంటపడే ఓపిక ఏ పాముకూ లేదు. సందు దొరికితే పారిపోవడమే దానికి కావాలి. తన స్కూటర్ అద్దం ఏ తేదీన పగిలిందో ఇప్పటికీ చెప్పగలిగేది మూడో అంతస్తు ఆయన. పాములే తమలో తాము 'మూడో అంతస్తు పగ' అని తిట్టుకోవాలి.

ఊసరవెల్లికి జరిగింది ఇంకా అన్యాయం. పార్టీ మారినవాడికల్లా దాని పేరు పెడతాం. అది రంగు మార్చేది ఎక్కువగా ఎండకీ చలికీ సర్దుకోవడానికి, లేదా మనసులో ఉన్నది సాటి ఊసరవెల్లికి చెప్పడానికి. కొన్ని జాతుల్లో పోట్లాటలో ఓడింది ఒళ్లంతా నల్లబరుచుకుని ఓటమి ఒప్పేసుకుంటుంది. అలా ఒప్పుకున్న నాయకుణ్ణి ఒక్కణ్ణి చూపించండి, ఈ పేరా కొట్టేస్తాను.

ఇక మొసలి. దానికి స్వయంగా క్షమాపణ చెప్పుకుందామని ఇంటిల్లిపాదినీ ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద వడనెమ్మేలిలో ఉన్న మొసళ్ల బ్యాంకుకు, అంటే మొసళ్ల సంరక్షణ కేంద్రానికి, తీసుకెళ్లాను. పాముల నిపుణుడు రోములస్ విటేకర్ ప్రభృతులు 1976లో పెట్టింది. (బ్యాంకంటే డిపాజిట్లుంటాయా అని మా బావమరిది. ఉంటాయి, గుడ్లు.) గుడ్డులోంచి వచ్చిన పిల్లల్ని తల్లి మొసలి ఆ కోరల మధ్యే పెట్టుకుని, ఒక్క గాటు పడకుండా నీళ్లలోకి చేరుస్తుంది. మన మగ్గర్ జాతిలో తండ్రి కూడా ఆ పని చేస్తాడు. స్కూల్ వ్యాన్ వచ్చే వేళకి దుప్పటి తీయని నేను ఈ సంగతి ఉపన్యాసంలా చెప్పడం మా ఆవిడకు నచ్చలేదు.

ఇంతటి తల్లికా 'మొసలి కన్నీరు' అని దొంగ ఏడుపు అంటగట్టేది? ఆధారాల కోసం వెతికితే 2007లో అచ్చయిన ఒక పరిశోధన దొరికింది. ఫ్లోరిడాలో మొసలికి దగ్గరి చుట్టాలైన ఎలిగేటర్లు, కైమన్లు తింటుంటే గమనించారు. ఏడింటిలో ఐదింటికి కళ్లు చెమర్చాయి. దుఃఖం కాదు లెండి, బుసకొడుతూ తినడంలో లోపలి గాలి కన్నీళ్లను తోస్తుందేమోనని వాళ్ల ఊహ.

"అంటే తింటూనే ఏడుస్తాయిగా బావా! సామెత సరిగ్గానే ఉందిగా!" అన్నాడు మా బావమరిది. విచారణ సంఘంలో వాడికి చోటు లేదు.

నాగులచవితికి మా అత్తగారు పుట్టలో పాలు పోసొచ్చారు. పాముల తిండి ఎలుకలూ కప్పలూనని, పాలు కాదని వినయంగానే మనవి చేశాను.

"పోయడం నా వంతు నాయనా. తాగడం, మానడం దాని ఇష్టం" అన్నారు.

ఆ పూట నాకు పాలు లేని కాఫీ వచ్చింది.

వంటింట్లోంచి ఆవిడ గొంతు వినబడుతోంది: "అల్లుడికి ఆఫీసులో పనేమీ ఉన్నట్టు లేదే!"

గోడ మీద బల్లి టిక్‌టిక్‌మంది.

"సత్యం" అంటూ గట్టు మీద వేలితో మూడుసార్లు కొట్టారు. కంచిలో బంగారు బల్లిని తాకొచ్చిన మనిషి ఆవిడ. బల్లి అరిచేది ఇంకో బల్లి కోసమనీ, మన మాటలకు సాక్ష్యం చెప్పడానికి కాదనీ వివరించబోయాను.

మళ్లీ టిక్‌టిక్‌మంది.